కలం పట్టిన గణకశాస్త్రవేత్త

ప్రోగ్రామర్ అనే మాట నేడు ఇంటింటా వినిపిస్తున్నది. ఏడు దశాబ్దాల కిందట అది ఒక వృత్తి పేరుగా కూడా చెల్లుబాటు కాలేదు. అటువంటి రోజుల్లో ఆ వృత్తిని చేపట్టి, దానికి గణితశాస్త్రంతో సమానమైన గౌరవం కలిగించాలని జీవితమంతా పాటుపడినవారు ఎడ్స్గర్ వీబె డైక్‌స్ట్రా. పరిశోధన కేంద్రంలోను, విశ్వవిద్యాలయంలోను, వ్యాపార సంస్థలోను ఆయన పనిచేశారు. కొలువులు మారినా ఆయన పట్టుదల మారలేదు. యంత్రంపై నడిపి చూచి తప్పులు దిద్దుకొనే అలవాటును ఆయన నిరసించారు. ప్రోగ్రామును రాసేటప్పుడే అది సరియైనదని హేతుబద్ధంగా నిరూపించుకోవాలన్నారు. ఆ పట్టుదల ఆయనకు కీర్తిని తెచ్చింది. కొంత ఒంటరితనాన్ని కూడా తెచ్చింది.

డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్ నగరంలో జన్మించారు. నలుగురు సంతానంలో ఆయన మూడవవారు. తండ్రి రసాయనశాస్త్రవేత్త, పాఠశాలలో ఉపాధ్యాయుడు. తల్లి గణితంలో దిట్ట. అయినా ఆమె ఏనాడూ ఉద్యోగం చేయలేదు. కుమారుని ఆలోచనా సరళిని మలచినది ఆమెయే. పై తరగతికి కొన్న త్రికోణమితి పుస్తకంలోని గ్రీకు అక్షరాలను చూచి బెదరిన బాలుడు, ఈ విషయం కష్టమైనదా అని తల్లిని అడిగాడు. సూత్రాలన్నీ క్షుణ్ణంగా తెలిసి ఉండాలనీ, ఏ లెక్కకైనా ఐదు పంక్తులకు మించి అవసరమైతే దారి తప్పినట్లు గ్రహించాలనీ ఆమె బోధించింది. క్లుప్తతలోని సౌందర్యాన్ని ఆయన పసితనంలోనే ఆ విధంగా చవిచూశారు.

న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్యసమితిలో తన దేశానికి ప్రతినిధి కావాలని డైక్‌స్ట్రా తొలుత కోరుకున్నారు. కాని విజ్ఞానశాస్త్రాల్లో ఆయనకు వచ్చిన మార్కులను చూచి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆ ఆలోచనను మాన్పించారు. 1948లో లైడెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విద్యార్థిగా చేరారు. 1951లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మూడు వారాలపాటు ప్రోగ్రామింగ్ నేర్పుతారన్న ప్రకటన తండ్రి కంటబడింది. భౌతికశాస్త్రజ్ఞునికి గణకయంత్రం మంచి పనిముట్టు అవుతుందన్న భావంతో కుమారుని అక్కడికి పంపారు. మారిస్ విల్క్స్ ఆధ్వర్యంలో సాగిన ఆ శిక్షణ డైక్‌స్ట్రా జీవితాన్ని మరొక దారికి మళ్లించింది. 1952 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణితకేంద్రంలో ఆయన ప్రోగ్రామర్‌గా చేరారు.

అక్కడ పని వింతగా ఉండేది. లోప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే ఇద్దరు మిత్రులు యంత్రాన్ని నిర్మించేవారు. ఆ యంత్రం ఏయే ఆజ్ఞలను పాటించాలో ముందుగా కాగితంపై నిర్ణయించడం, అది సిద్ధమయ్యేలోగా దానికి కావలసిన ప్రోగ్రాములను రాసి ఉంచడం డైక్‌స్ట్రా వంతు. లేని యంత్రంపై ప్రోగ్రామును పరీక్షించి చూడటం సాధ్యం కాదు కదా! కాబట్టి రాసినది తప్పు లేనిదని బుద్ధితోనే నిశ్చయించుకోవలసి వచ్చేది. కాగితంపై ఆలోచించడం ఆయన స్వభావమని పలువురు భావించారు. అవసరం నేర్పిన విద్య అది అనడమే సమంజసం.

ఆ రోజుల్లో ఆయన మనస్సు రెండు దారుల మధ్య ఊగిసలాడింది. భౌతికశాస్త్రానికి శతాబ్దాల గౌరవం ఉన్నది. ప్రోగ్రామింగ్‌కు పునాదిగా చెప్పుకోదగిన విజ్ఞానమేదీ లేదు. తన పైఅధికారి వాన్ వైన్‌గార్డన్‌ను కలిసి మనసులోని సందేహాన్ని వెలిబుచ్చారు. ఆ పెద్దమనిషి ఓపికగా విన్నారు. అప్పటికి ఆ శాస్త్రం లేదన్న మాటను అంగీకరిస్తూనే, గణకయంత్రాలు ఎల్లకాలం ఉండబోతున్నాయనీ, ప్రోగ్రామింగ్‌ను గౌరవప్రదమైన శాస్త్రంగా తీర్చిదిద్దే బాధ్యత డైక్‌స్ట్రాయే ఎందుకు తలకెత్తుకోకూడదనీ అడిగారు. ఆ గది నుండి డైక్‌స్ట్రా వేరొక మనిషిగా బయటికి వచ్చారు. భౌతికశాస్త్ర పట్టాను వీలైనంత త్వరగా ముగించి, పూర్తిగా ఈ రంగానికే అంకితమయ్యారు.

1956లో ఆర్మాక్ అనే కొత్త యంత్రాన్ని ప్రజల ఎదుట ప్రదర్శించవలసి వచ్చింది. గణితం తెలియనివారికి కూడా అర్థమయ్యే సమస్య ఒకటి కావాలి. రోటర్‌డామ్ నుండి గ్రోనింగన్ నగరానికి అన్నింటికంటె దగ్గరి దారి ఏది అన్న ప్రశ్నను డైక్‌స్ట్రా ఎన్నుకున్నారు. ఒకనాటి ఉదయం, తాను పెళ్లాడబోయే యువతితో కలిసి అంగళ్లు తిరిగి అలసి, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటలు ముంగిట కూర్చున్నారు. కాఫీ తాగుతూ ఇరవై నిమిషాల్లో దానికి పరిష్కారం ఊహించారు. చేతిలో కాగితం గాని కలం గాని లేవు. అవి లేకపోవడం వల్లనే అనవసరమైన చిక్కులన్నీ తప్పిపోయి పద్ధతి అంత సరళంగా వచ్చిందని ఆయన తరువాతి కాలంలో భావించేవారు.

ఆ పద్ధతి నిజంగా సరళమైనదే. బయలుదేరిన నగరం నుండి పొరుగు నగరాలన్నింటికీ దూరాలు రాసుకోవాలి. వాటిలో అన్నింటికంటె తక్కువ దూరంలో ఉన్న నగరాన్ని గుర్తించాలి. దానికి అంతకంటె దగ్గరి దారి మరొకటి ఉండే అవకాశం లేదు; వేరే దారిన పోదామంటే ముందుగా అంతకు తక్కువ కాని దూరంలో ఉన్న మరొక నగరాన్ని చేరవలసిందే. కాబట్టి ఆ దూరం ఇక ఖాయం. ఇప్పుడు ఆ నగరం మీదుగా పోతే మిగిలిన నగరాలకు దూరం తగ్గుతుందేమో చూచి, తగ్గితే పాత అంకెను సవరించుకోవాలి. మిగిలినవాటిలో మరల దగ్గరిదాన్ని ఎన్నుకోవాలి. గమ్యం ఖాయమయ్యేవరకు ఇదే వరుస. ప్రదర్శన కోసం డైక్‌స్ట్రా నెదర్లాండ్స్ పటంలో 64 నగరాలను తీసుకున్నారు. అంతకు మించకుండా ఉంటే ఒక్కొక్క నగరాన్ని ఆరు ద్విసంఖ్యా స్థానాలతో గుర్తించవచ్చునన్నది కారణం.

మూడు పుటల ఆ వ్యాసం 1959లో గాని అచ్చు కాలేదు. అటువంటి విషయాలకు చోటిచ్చే పత్రికలే అప్పుడు అరుదు. తీగెలకు పట్టే రాగిని ఆదా చేసే మరొక పద్ధతిని కూడా ఆయన అందులోనే వివరించారు. యంత్రం వెనుక భాగంలోని కొనలన్నింటినీ అతి తక్కువ తీగెతో కలపడం ఎట్లా అన్నది ఆ సమస్య. కాఫీ హోటలులో పుట్టిన పద్ధతి నేడు అరచేతిలోని ఫోనులో దారి చూపే సేవలకు, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గమ్యం చేర్చే కొన్ని ఏర్పాట్లకు ఆధారంగా నిలిచింది. తన పేరు ఇంతగా వ్యాపించడానికి ఆ ఇరవై నిమిషాలే ముఖ్య కారణం కావడం ఆయనకే ఆశ్చర్యం కలిగించింది.

1957లో డైక్‌స్ట్రా వివాహం జరిగింది. వధువు మరియా డెబెట్స్ కూడా గణితకేంద్రంలోనే లెక్కలు కట్టే ఉద్యోగిని. పెళ్లి పత్రంలో వరుని వృత్తి తెలుపవలసిన చోట ఆయన ప్రోగ్రామర్ అని చెప్పారు. అటువంటి వృత్తి లేదంటూ ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలక అధికారులు దానిని అంగీకరించలేదు. చివరకు సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త అని నమోదు చేయవలసి వచ్చింది. ఏ శాస్త్రాన్ని విడిచి వచ్చారో ఆ శాస్త్రం పేరే ప్రభుత్వ పత్రాల్లో ఆయనకు మిగిలింది.

గణితకేంద్రం నుండి విడివడి ఎలెక్ట్రోలాజికా అనే కంపెనీ ఏర్పడి, ఎక్స్1 అనే యంత్రాన్ని తయారుచేసింది. ఒక పని జరుగుతుండగా బయటి పరికరం పిలిచినప్పుడు ఉన్నపళంగా ఆగి దానిని గమనించే ఏర్పాటు అందులో ఉన్నది. ఈ ప్రతిపాదన వినగానే డైక్‌స్ట్రా భయపడ్డారు. ఏ క్షణంలో పిలుపు వస్తుందో తెలియదు. అందువల్ల ఒకసారి కలిగిన దోషం మరొకసారి కనబడకపోవచ్చు. అటువంటి దోషాన్ని పరీక్షల ద్వారా పట్టుకోవడం ఎండమావిలో నీటిని తోడటమే. కొన్ని నెలలు అడ్డుచెప్పి, చివరకు ఒప్పుకొని, ఆ సమస్యనే తన పరిశోధనాంశంగా గ్రహించి 1959లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. మరుసటి ఏడు ఆగస్టులో, జాప్ జొన్నెవెల్డ్‌తో కలిసి, ఆల్గాల్ 60 భాషను ఎక్స్1 యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే అనువాదక ప్రోగ్రామును పూర్తిచేశారు. అది ముగిసేవరకు గడ్డం గీయించుకోరాదని మిత్రులిద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. పని ముగిశాక జొన్నెవెల్డ్ గడ్డం తీసివేశారు. డైక్‌స్ట్రా మాత్రం ఉంచుకున్నారు.

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విద్యాలయం ఆయనను గణితాచార్యునిగా ఆహ్వానించింది. కంప్యూటర్ శాస్త్రానికి అక్కడ ప్రత్యేక శాఖ లేదు. గణితశాఖలోని పలువురికి ఈ కొత్త విద్యపై ఆసక్తి కూడా లేదు. కొద్దిమంది సహచరులతో డైక్‌స్ట్రా ఒక నిర్వహణ వ్యవస్థను నిర్మించారు. దానిని అంతస్తుల మేడలాగా, ఒక్కొక్క పొర కింది పొరపై మాత్రమే ఆధారపడేటట్లు రూపొందించారు. కింది అంతస్తు గట్టిదని నిర్ధారించుకున్న తరువాతనే పై అంతస్తు కట్టారు.

ఒకే సమయంలో పలు పనులు సాగేచోట వచ్చే చిక్కుకు కూడా ఆయన ఉపాయం చూపారు. ఒంటి పట్టాల రైలుమార్గాన్ని తలచుకుంటే అది తేలికగా బోధపడుతుంది. ఆ మార్గంలో ఒక బండి ఉండగా రెండవది ప్రవేశిస్తే ప్రమాదం. ప్రవేశద్వారం వద్ద సిగ్నల్ కమ్మీ వాలితేనే బండి కదలాలి. బండి బయటికి వెళ్లగానే వేచి ఉన్న మరొకదానికి అనుమతి లభించాలి. ఆ సిగ్నల్ పేరునే తీసుకొని డైక్‌స్ట్రా తన సాధనానికి సెమాఫోర్ అని పేరు పెట్టారు. బ్యాంకు ఖాతాలోని ఒకే మొత్తాన్ని రెండు చోట్ల నుండి ఒకేసారి మార్చబోయినప్పుడు లెక్క తప్పకుండా కాపాడే ఏర్పాట్లకు మూలం ఇటువంటి ఆలోచనలే.

ఇంత చేసినా శాఖలో ఆదరణ లభించలేదు. వ్యవస్థ పూర్తయిన తరువాత ఆయన తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనయ్యారు. ఆ స్థితి నుండి తేరుకోవడానికి రచననే ఔషధంగా స్వీకరించారు. నిర్మాణాత్మక ప్రోగ్రామింగ్‌పై ఒక దీర్ఘరచన చేసి కొద్దిమంది మిత్రులకు పంపారు. వారు నకళ్లు తీసి మరికొందరికి పంపగా, అచ్చు కాకముందే అది దేశదేశాలకు పాకింది.

అంతకు ముందే, 1968 మార్చిలో, ఒక చిన్న లేఖ పెద్ద దుమారం రేపింది. ఫలానా చోటికి వెళ్లుము అన్న ఆజ్ఞను నాటి ప్రోగ్రామర్లు విచ్చలవిడిగా వాడేవారు. ఆ ఆజ్ఞలు పెరిగినకొద్దీ ప్రోగ్రాము చిక్కుపడిన నూలుకండెలాగా తయారవుతుంది. యంత్రం ఏ క్షణంలో ఏ స్థితిలో ఉన్నదో చదువరి ఊహించలేడు. కాబట్టి ఆ ఆజ్ఞను భాషల నుండి తొలగించాలని డైక్‌స్ట్రా వాదించారు. ఆయన పెట్టిన శీర్షిక సౌమ్యమైనదే. పత్రికా సంపాదకుడు నిక్లాస్ విర్త్ దానిని మార్చి, ఆ ఆజ్ఞ హానికరమని సూటిగా చెప్పే శీర్షిక పెట్టారు. లేఖ చదివినవారి కంటె శీర్షిక చదివి కలహానికి దిగినవారే ఎక్కువ అనిపిస్తుంది. కొన్ని చోట్ల ఆ ఆజ్ఞ ఉపయోగకరమేనని డొనాల్డ్ నూత్ వంటి పండితుడు 1974లో సోదాహరణంగా చూపారు. అయినా తరువాత వచ్చిన భాషలు చాలావరకు డైక్‌స్ట్రా చూపిన వైపే నడిచాయి.

1972లో ఆయనకు కంప్యూటర్ రంగంలోని అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు లభించింది. ఆ సందర్భంగా చేసిన ప్రసంగంలో ప్రోగ్రామర్‌కు వినయం అత్యవసరమని ఉద్బోధించారు. మానవ మేధకు హద్దులు ఉన్నాయి; అందువల్ల ఆ హద్దుల్లో ఇమిడే ప్రోగ్రాములనే రాయాలని ఆయన వాదం. పరీక్షలు ఎన్ని జరిపినా దోషం ఉన్నదని తెలుస్తుందే గాని లేదని తేలదని ఆయన తరచుగా హెచ్చరించేవారు. వినయాన్ని బోధించిన ఆయన మాటతీరు మాత్రం వినయానికి పేరుపడినది కాదు. ముక్కుసూటిగా మాట్లాడటం వల్ల ఎందరినో నొప్పించారు.

1973 ఆగస్టులో డైక్‌స్ట్రా జీవితం కొత్త మలుపు తిరిగింది. అమెరికాలోని బరోస్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీ ఆయనను పరిశోధకునిగా నియమించింది. సంవత్సరానికి కొన్నిసార్లు కంపెనీ పరిశోధన కేంద్రాలకు వెళ్లిరావడం, మిగిలిన కాలమంతా తనకు నచ్చిన పరిశోధన చేసుకోవడం ఆయన విధి. కార్యాలయం న్యూనెన్ గ్రామంలోని ఆయన ఇల్లే. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో ఒకప్పుడు నివసించిన గ్రామమది. ఐండ్‌హోవెన్‌లో ఆచార్య పదవిని వారానికి ఒక రోజుకు కుదించుకున్నారు. మంగళవారం మధ్యాహ్నం సహచరులు కొందరు ఆయనతో కూర్చుండి ఒక శాస్త్రవ్యాసాన్ని పంక్తి పంక్తిగా చదివి చర్చించేవారు. భాషాదోషం కూడా వారి కంట పడకుండా పోయేది కాదు.

విశ్వవిద్యాలయం ఇవ్వలేని ఏకాంతాన్ని వ్యాపార సంస్థ ఇవ్వడం చిత్రమే. ఆ ఏకాంతం వృథా కాలేదు. ఫౌంటెన్ పెన్నుతో, గుండ్రని అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా ఆయన వ్యాసాలు రాసేవారు. ప్రతిదానికీ తన పేరులోని మూడు పొడి అక్షరాలు, ఒక వరుస సంఖ్య ఉండేవి. నకళ్లు తీసి మిత్రులకు తపాలాలో పంపేవారు. వారు మరికొందరికి పంపేవారు. బరోస్ సంస్థలో ఉన్న కాలంలోనే సుమారు ఐదువందల వ్యాసాలు ఆ వరుసలో చేరాయి. కొన్నింటిలో హాస్యం కూడా ఉన్నది. సిద్ధాంతాలను తయారుచేసి అమ్మే ఒక గణిత కంపెనీని కల్పించి, దానికి తానే అధ్యక్షుడైనట్లు లేఖలు రాశారు. ఆ కంపెనీ గణితంలో పేరుమోసిన రీమన్ ప్రతిపాదనను నిరూపించింది. కాని నిరూపణ వ్యాపార రహస్యం కాబట్టి బయటపెట్టదు! జ్ఞానాన్ని సరుకుగా మార్చే ధోరణిపై ఒక కంపెనీ ఉద్యోగి విసిరిన చెణుకు ఇది.

1974లో ఆయన ప్రచురించిన చిన్న వ్యాసం ఒకటి అడవిగాచిన వెన్నెల అయినది. ఎక్కడికక్కడ స్వతంత్రంగా పనిచేసే యంత్రాల సమూహం ఎంత అస్తవ్యస్త స్థితిలో పడినా, పైనుండి శాసించేవారు లేకుండానే దానంతట అది సక్రమ స్థితికి చేరుకొనే మార్గాన్ని అందులో చూపారు. దాదాపు పదేళ్లు దానిని పట్టించుకున్నవారు అరుదు. 1983లో లెస్లీ లాంపోర్ట్ ఒక సభలో ఆ వ్యాసాన్ని ప్రశంసించిన తరువాత అది ఒక పరిశోధన శాఖకే మూలమయ్యింది. 1976లో వెలువడిన గ్రంథంలో, సాధించవలసిన ఫలితం నుండి వెనుకకు లెక్కిస్తూ ప్రోగ్రామును, దాని నిరూపణను జంటగా పెంచే పద్ధతిని ఆయన వివరించారు. పరిశ్రమలో పనిచేసే ప్రోగ్రామర్లు ఆ గ్రంథాన్ని గౌరవించారు గాని, అందులోని పద్ధతిని నిత్యం పాటించినవారు తక్కువ. లక్షల పంక్తుల ప్రోగ్రాములను గడువులోగా అందించవలసిన వారికి అంత తీరిక చిక్కలేదు. ఈ విషయంలో వారిని గాని ఆయనను గాని పూర్తిగా తప్పుపట్టలేము.

1984లో డైక్‌స్ట్రా అమెరికాలోని ఆస్టిన్ నగరానికి తరలివెళ్లి టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. చమురుబావుల సేవలందించే ష్లంబర్జర్ సంస్థ పేరిట ఏర్పడిన పీఠమది. ఐఐటీ కాన్పూరులో చదివిన జయదేవ్ మిశ్రా ఆ శాఖలో ఆయనకు సహచరుడు. తరగతిలో డైక్‌స్ట్రా నల్లబల్లపై సుద్దముక్కతోనే బోధించేవారు. వాక్యానికి వాక్యానికి మధ్య చాలాసేపు మౌనంగా ఆలోచించేవారు; కొత్త విద్యార్థులకు ఆ మౌనం భయం గొలిపేది. విద్యార్థులను ఎదుట కూర్చుండబెట్టుకొని మౌఖికంగా పరీక్షించేవారు. మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రోగ్రామింగ్‌ను కంప్యూటర్ లేకుండా, తర్కం ద్వారా నేర్పాలని 1988లో ప్రతిపాదించారు. మరుసటి సంవత్సరం ఒక ప్రముఖ పత్రిక ఆ ప్రతిపాదనను ప్రచురించి, పలువురు ఆచార్యుల సమాధానాలను కూడా చేర్చింది. ఈదడం నేర్చుకోవాలంటే నీటిలో దిగక తప్పదన్న ధోరణిలో కొందరు ఎదురు వాదించారు. ఆయన తన పట్టు విడువలేదు.

1990లో ఆయన వెలువరించిన తర్కగ్రంథానికి సహరచయిత స్కోల్టెన్. ఆమ్‌స్టర్‌డామ్‌లో యంత్రాలు నిర్మించిన నాటి మిత్రుడే ఆయన. ఇంట్లో టెలివిజన్ లేదు. పియానోపై మొజార్ట్ సంగీతం వాయించుకోవడం డైక్‌స్ట్రాకు ప్రీతి. సెలవుల్లో భార్యతో కలిసి వోక్స్‌వాగన్ వ్యానులో అమెరికా జాతీయ ఉద్యానవనాలు చుట్టివచ్చేవారు. ఆ బండికి టూరింగ్ మెషిన్ అని పేరు పెట్టారు. గణకశాస్త్రానికి ఆద్యుడైన ట్యూరింగ్ ఊహించిన యంత్రం పేరును విహారానికి ముడివేసిన చమత్కారమది. కంప్యూటర్ శాస్త్రంలో శిఖరమెక్కిన తరువాత కూడా ఆయన చాలాకాలం సొంత కంప్యూటర్ ఉంచుకోలేదు. చివరకు ఒకటి కొన్నా, ఉత్తరప్రత్యుత్తరాలకే దానిని ఎక్కువగా వాడుకున్నారు.

1999లో పదవీ విరమణ చేసిన డైక్‌స్ట్రా, క్యాన్సర్ సోకినట్లు తెలిసిన తరువాత 2002 ఆరంభంలో న్యూనెన్‌లోని స్వగృహానికి తిరిగివచ్చారు. 1974 నాటి చిన్న వ్యాసానికి ఆ ఏడాదే ఒక అంతర్జాతీయ పురస్కారం ప్రకటించారు. ఆగస్టు 6న ఆయన కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ఆ పురస్కారానికే డైక్‌స్ట్రా పేరు పెట్టారు. ఆయన చేతిరాత వ్యాసాలను టెక్సాస్ విశ్వవిద్యాలయం భద్రపరచి, ఎవరైనా చదువుకొనేటట్లు ఇంటర్నెట్‌లో ఉంచింది. వాటిలో చివరిదానిపై ఉన్న తేదీ 2002 ఏప్రిల్ 14. వరుస సంఖ్య 1318.